బొమ్మకు బొమ్మకు నడుమ

సికింద్రాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా సాగును. మల్లన్న జాతర దినములలో కొమురవెల్లికి పోవు యాత్రికుల బండ్లతో ఆ దారి రాత్రింబవళ్ళు సందడిగా నుండును. ఈ దారికిని మేడ్చల్ రైలుమార్గమునకును నడుమ గల గ్రామములలో ఒకదాని ఉన్నత పాఠశాలలో నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండగా, 2015వ సంవత్సరమున, ఎనిమిదవ తరగతి పిల్లలు కొందరు ఒక పాత పుస్తకము చేతబట్టుకొని నా గదికి వచ్చిరి.

అది బొమ్మల కథల పుస్తకము. ఒక బాలుని అన్న దానిని హైదరాబాదులో కోఠి కాలిబాటపై పాత పుస్తకముల గుట్టలో ఏరి తెచ్చినాడట. అట్టపైన చెవులు లేని నీలిపిల్లి బొమ్మ యున్నది. “సారూ, వార్షికోత్సవానికి ఈ కథ నాటకం వేస్తాం. నడుమ నడుమ పాటలు కూడా పెడతాం” అని వారు కోరిరి.

నేను తెలుగు పండితుడను. నాటకమన్నచో నా చెవులలో హార్మోనియము శ్రుతియు, పడక సీను పద్యములును మ్రోగును. శ్రీకృష్ణుడుండగా ఈ పిల్లి యెందుకని మొదట విసుగుకొంటిని. కాని పిల్లలు పోయిన పిమ్మట ఆ కథ చదివితిని. చదివిన తరువాత విసుగుకొనలేదు.

జపానువారు ఇట్టి బొమ్మల కథలను ‘మాంగా’ అందురు. నీలిపిల్లి పేరు డోరేమాన్. ఇది ఇరువది రెండవ శతాబ్దము నుండి వచ్చిన యంత్రపు పిల్లి. ఫుజికో ఎఫ్. ఫుజియో అను కలము పేరుగల చిత్రకారుడు దీనిని 1969 డిసెంబరులో బాలల పత్రికలలో ప్రారంభించెను. పిల్లలు ఎన్నుకొన్న కథ ఇట్లున్నది: నోబిత అను బడిపిల్లవానికి పాత సామానులలో ఒక ఎలుగుబంటి బొమ్మ దొరకును. చినిగినచోట నాయనమ్మ కుట్టిన కుట్లు దానిపై నున్నవి. నాయనమ్మ అతడు బడిలో చేరకమునుపే చనిపోయినది. డోరేమాన్ వద్దనున్న కాలయంత్రముపై అతడు గడచిన కాలమునకు పోయి, ఆమెను దూరము నుండి చూచి రావలెననుకొనును. కాని ఆమె కంటబడును. తన చిన్నారి మనుమడు సంచి తగిలించుకొని బడికి పోవుట చూచువరకైనను బ్రతుకవలెనని ఆమె కోరిక. ఆ మాట విన్న బాలుడు తన కాలమునకు పరుగెత్తి, బడిసంచి వీపున వేసికొని తిరిగి వచ్చి, నోబితను నేనే అని చెప్పును. ఆమె నమ్మును. ఇంతియే కథ.

అభ్యాసము మొదలైనది. పిల్లలు పుస్తకములో బుడగలలో వ్రాసియున్న మాటలన్నిటిని ఒక్కటియు విడువక వరుసగా అప్పగించిరి. పది నిమిషములలో చదివి ముగింపదగిన కథ అరగంట నడచినను ఎవ్వరి మనస్సును తాకలేదు. పుస్తకము చదివి కంట తడి పెట్టిన బాలికయే మా అభ్యాసము చూచి ఆవులించెను. నా వంతు సాయముగా మూడు సీసపద్యములు వ్రాసి నోబిత చేత పాడించితిని. దానితో పరిస్థితి మరింత చెడినది.

లోపమెక్కడ నున్నదో నాకు చాల దినములు బోధపడలేదు. పుస్తకము చేతనున్నంతసేపు కాలము చదువరి చేతిలో నుండును. నచ్చిన బొమ్మను గడియసేపు చూడవచ్చును. వెనుకకు త్రిప్పి మరల చూడవచ్చును. ఒక బొమ్మలో బాలుడు గుమ్మము దాటును, ప్రక్క బొమ్మలో అతడు వీథి చివర నుండును. నడుమ నున్నది వ్రేలెడు తెల్లకాగితము మాత్రమే. ఆ తెల్లని చోటును పూరించువాడు చదువరి. రంగస్థలముపై ఆ తెల్లచోటు లేదు. అక్కడ కాలము నటుని చేతిలో నుండును, ప్రేక్షకుడు పేజీ త్రిప్పలేడు. మేము బొమ్మలన్నిటిని రంగముపైకి తెచ్చితిమి గాని తెల్లచోట్లను పుస్తకములోనే విడిచివచ్చితిమి.

ఈ మాట నాకు స్వయముగా తోచినది కాదు. మా విద్యార్థిని ఒకతె తాత చెప్పినది. ఆయన యౌవనమున పటము కథ చెప్పు మేళములో వంతపాట పాడినవాడు. కథకు పిలుచువారు తగ్గిపోవుటచే, కుమారుడు శామీర్‌పేట దగ్గర పనికి కుదిరినప్పుడు అతనితోపాటు వచ్చి, ఇక్కడనే స్థిరపడెను. మనుమరాలిని ఇంటికి తీసికొనిపోవుటకు వచ్చి, వేపచెట్టు క్రింద అరుగుపై కూర్చుండి మా అభ్యాసము చూచుచుండెడివాడు. నాలుగవనాడు నా దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లనెను: “సారూ, బొమ్మల ఉన్నదే మల్ల నోటితోని చెప్తె ఏం లాభం? బొమ్మకు బొమ్మకు నడుమ ఏమున్నదో అది పాడాలె.”

పటము కథ అనగానేమో తెలియని బాలబాలికలు మీలో పెక్కుమంది యుందురు. కావున కొంత వివరించెదను.

మన శామీర్‌పేట దారినే పోయి, ప్రజ్ఞాపూర్ దాటి తూర్పునకు తిరిగినచో చేర్యాల చేరవచ్చును. అది పూర్వము వరంగల్లు జిల్లాలోనిది, 2016 నుండి సిద్దిపేట జిల్లాలోనిది. అచ్చటి నకాషీ చిత్రకారులు తరతరములుగా కథల పటములను వ్రాయుచున్నారు. నూలుబట్టకు సుద్దమన్ను, గంజి, చింతగింజల జిగురు కలిపిన పూతను మూడుమారులు పూసి ఆరబెట్టుదురు. బట్ట బిరుసెక్కి బొమ్మకు తగినదగును. ఉడుత వెండ్రుకల కుంచెతో గీతలు గీయుదురు. వెనుక నేలకంతకును ఎర్రరంగు నింపుదురు. దేవుని ముఖమునకు నీలము, దేవికి పసుపుపచ్చ, రాక్షసునికి ముదురు వన్నె. ఎంత దూరమున కూర్చున్నవాడైనను రంగును బట్టి పాత్రను పోల్చుకొనగలడు. విద్యుద్దీపములు లేని దినములలో ఆముదపు దివ్వెల వెలుగున చూడవలసిన బొమ్మలకు ఇట్టి ఏర్పాటు ఎంత అవసరమో ఊహింపుడు.

ఈ పటము ఇంచుమించు గజము వెడల్పు, నలువది అడుగులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పొడవుండును. పూలతీగల అంచులతో అడ్డముగా అరలు విభజించి, ఒక్కొక్క అరలో కథలోని ఒక్కొక్క ఘట్టమును చిత్రింతురు. కథకులు గుంజలు నాటి పటమును వ్రేలాడదీసి, పుల్లతో బొమ్మను చూపుచు, పాటయు మాటయు కలిపి కథ నడుపుదురు. ఒక అర ముగిసిన పిదప చుట్టను కొంత విప్పుదురు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, గౌడులకు గౌడ పురాణము, ముదిరాజులకు పాండవుల కథ, ఇట్లు ఒక్కొక్క కులమువారికి తమదైన కథయు, ఆ కథ చెప్పు మేళమును ఉండెడివి. కథ కొన్ని రాత్రులు సాగెడిది. పటము జీర్ణమైనచో దానిని చించి పారవేయరు, మనుష్యునికి వలెనే కర్మ జరిపి నీటిలో విడుతురు.

మా తాత పాడిన కథ మార్కండేయునిది. పదునారేండ్ల ఆయువుతో పుట్టిన బాలుడు శివలింగమును కౌగిలించుకొనుట, యముడు పాశము విసరుట, శివుడు ప్రత్యక్షమగుట పటములోని బొమ్మలు. “పదహారేండ్లు నిండే ముందటి రాత్రి తల్లికి నిద్ర పట్టిందా సారూ? అది ఏ బొమ్మల ఉన్నది?” అని ఆయన నన్ను అడిగెను. ఏ బొమ్మలోను లేదు. ఆ రాత్రిని గాయకుడు గంటసేపు పాడునట. చిత్రకారుడు తెలిసియే దానిని గాయకునికి విడిచెనని ఆయన నమ్మకము. నేను ముప్పది యేండ్లు అలంకారశాస్త్రము చెప్పినవాడను. ఈ ఒక్క ప్రశ్నకు నా వద్ద సమాధానము లేకపోయినది.

బొమ్మలు రంగమెక్కుట మన నాటకమునకు క్రొత్త కాదు. సురభి నాటకముల పేరు మీరు వినియుందురు. ఆ నటుల పూర్వులు మహారాష్ట్ర ప్రాంతము నుండి వచ్చి తోలుబొమ్మలాడించి జీవించిన వనారస వంశమువారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వారు బొమ్మలను ప్రక్కనుంచి తామే వేషములు ధరించి కీచకవధ ఆడిరి. తెర వెనుక బొమ్మకు గొంతు అరువిచ్చినవారు తెర ముందుకు వచ్చిరన్నమాట. స్త్రీ పాత్రలను మగవారు ధరించు ఆ కాలమున తమ ఇంటి ఆడువారినే రంగముపైకి తెచ్చిరి. మాయాబజారులో నారదుడు మేఘములపై దిగుటయు, యుద్ధములో బాణములు ఆకాశమున ఎదురెదురుగా వచ్చి ఢీకొనుటయు నేను చిన్ననాట నోరు తెరచి చూచితిని. దారములు కనబడుచునే యుండెను. అయినను నమ్మితిని. ఆ కుటుంబములవారు ఈనాడును హైదరాబాదు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో నివసించుచున్నారు.

మాంగాను పాటల నాటకముగా మార్చుట జపానులో ఎట్లు సాగినదో కూడ చెప్పవలెను. అందులో మాకు పనికివచ్చిన విషయములు రెండు మూడు కలవు.

జపానులో తకరజుక అను ఊరున్నది. వేడినీటి ఊటల ఊరు. రైలు కంపెనీ నడిపిన కొబయాషి ఇచిజో అను వ్యాపారి, తన రైలుదారి చివరనున్న ఆ ఊరికి ప్రయాణికులను రప్పించుటకై 1913లో బాలికల గాయక బృందము నొకదానిని కూర్చెను. 1914లో వారి మొదటి ప్రదర్శనము ఒక ఈతకొలనును మూసి చేసిన శాలలో జరిగెను. (మేడ్చలునకు రైలు వచ్చి ఎంతో కాలమైనది గాని ఇట్టి వ్యాపారి మనకు దొరకలేదు.) ఆ సంస్థలో నేటికిని నటులందరు స్త్రీలే. పురుష పాత్రలును వారే ధరింతురు. సురభివారు స్త్రీ పాత్రను స్త్రీకి ఇచ్చిరి, వీరు పురుష పాత్రను సైతము స్త్రీకి ఇచ్చిరి. జపాను మాంగాకు పెద్దదిక్కనదగిన తెజుకా ఒసాము బాల్యము గడచినది ఆ ఊరిలోనే. తల్లి వెంట ఆ నాటకములు చూచి పెరిగినవాడతడు. కనుక అచ్చట నాటకము మొదట బొమ్మలలోనికి పోయి, పిమ్మట బొమ్మలు నాటకములోనికి వచ్చినవి.

ఇకెద రియోకో అను యువతి 1972, 1973 సంవత్సరములలో బాలికల వారపత్రికలో ‘వెర్సాయి గులాబి’ అను మాంగా వ్రాసెను. ఫ్రెంచి విప్లవ కాలపు కథ. రాణి మరీ ఆంత్వానెత్ చరిత్రలో నున్నది, ఆమె అంగరక్షక దళమునకు నాయకురాలైన ఆస్కార్ కల్పిత పాత్ర. ఆస్కార్ ఆడపిల్లగా పుట్టి, తండ్రి కోరికపై మగపిల్లవాని వలె పెరిగి కత్తి పట్టినది. తుదకు ప్రజల పక్షము చేరి బాస్తీలు కోటపై దాడిలో ప్రాణములు విడుచును. ఈ కథను తకరజుకవారు 1974 ఆగస్టులో రంగమెక్కించిరి. ఉయెద షింజి నాటకము వ్రాసెను. ప్రఖ్యాత సినిమా నటుడు హసెగావ కజువో నటన నేర్పెను.

వారి ఎదుటనున్న చిక్కు మీకు అర్థమైయుండును. జపాను బాలికల బొమ్మల కథలలో కన్నులు ముఖములో మూడవవంతుండును, వానిలో నక్షత్రములు మెరయుచుండును. మనుష్యుని కంటిలో నక్షత్రమెక్కడిది? హసెగావ చేసిన పని ఇది. ఏ మాట దగ్గర చూపును శాలలో ఏ వరుస నుండి ఏ వరుసకు ఎత్తవలెనో నటికి కుర్చీల లెక్కతో నేర్పెను. అట్లు చూపెత్తినప్పుడు దీపపు కాంతి కంటిలో పడి మెరసెడిది. నక్షత్రమును కాటుకతో వ్రాయక వెలుగును రప్పించెను.

రెండవ చిక్కు కథ పొడవు. ఏడాదికి పైగా వారము వారము వచ్చిన కథ ఒక సాయంకాలములో ఇముడునా? వారు కుదింపలేదు, ఎన్నుకొనిరి. ఒక ప్రదర్శనమున రాణి కథ నడుపుదురు, మరొకదాన ఆస్కారును ఆమె బాల్యమిత్రుడు ఆంద్రేను ముందుంచుదురు. విడిచినదానిని ప్రేక్షకుడు తన జ్ఞాపకము నుండి తెచ్చుకొనును. 2014 నాటికి ఈ నాటకమును చూచినవారి సంఖ్య 50 లక్షలు దాటెను.

ఇటీవలి ఉదాహరణ మరొకటి. టెన్నిసు ఆటపై వచ్చిన ఒక మాంగాను 2003లో పాటల నాటకము చేసిరి. రంగముపై బంతి కొట్టినచో అది ప్రేక్షకుల నెత్తిన పడును. కావున బంతియే లేకుండ ఆడిరి. బంతి పోవుదారిన దీపపు చుక్క పరుగెత్తును, బ్యాటు ఊగినప్పుడు శబ్దము మ్రోగును. ఇది చదివినప్పుడు నాకు సురభివారి దారములు జ్ఞప్తికి వచ్చినవి.

చట్టమును గూర్చి కూడ ఒక మాట. ఒకరి రచనను మరొక రూపమునకు మార్చవలెనన్న వారి అనుమతి కావలెను. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము విద్యాలయములకు కొంత వెసులుబాటు నిచ్చినది. ఉపాధ్యాయులును విద్యార్థులును ప్రదర్శింపగా, పాఠశాలవారును పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులును మాత్రమే చూచినచో బాధ లేదు. ప్రక్క గ్రామపు యువకులు మా నాటకమును తమ పందిరిలో వేయుమని కోరినప్పుడు నేను ఒప్పుకొనకపోవుటకు కారణమిది. వారికి నాపై కోపము వచ్చినది.

తాత మాటతో మా నాటకము రూపు మారినది. బుడగలలోని మాటలలో సగము తీసివేసితిమి. నా సీసపద్యములు మూడును తీసివేసితిమి. ఈ పని చేయుటకు నాకు రెండు దినములు పట్టినది. పిల్లలు నొచ్చుకొందునేమోయని నోరెత్తలేదు. తాత మాత్రము “పద్యం మంచిగుంది సారూ, పిలగానికే బరువైంది” అనెను.

పిమ్మట పుస్తకమును ముందుంచుకొని తెల్లచోట్లను వెదకితిమి. పిల్లలు ఒక్కొక్కటి చూపిరి. బాలుడు గోడ చాటున నిలిచి నాయనమ్మను చూచునప్పటి మౌనము ఒకటి. కాలయంత్రపు ప్రయాణము మరొకటి. దానికి డప్పు చాలునని ఒక బాలుడనెను. అన్నిటికంటె పెద్దది తాత మనుమరాలికి దొరకినది. సంచి తెచ్చుటకు నోబిత పరుగెత్తిన తరువాత బొమ్మలో అతడు వెంటనే తిరిగి వచ్చును. “మరి గంతసేపు నాయనమ్మ ఏం చేస్తుంటది?” అని ఆమె అడిగెను. ఎవ్వరో తెలియని పిల్లవాడు వచ్చి, ఆగుము, ఇప్పుడే వచ్చెదనని చెప్పి పరుగెత్తినాడు. ముసలిదానికి ఆయువు తక్కువని కథ చూచువారికి తెలియును. ఆమెకు తెలియునా? ఆ చోట పాట పెట్టవలెనని అందరును ఒక్కసారిగా నిశ్చయించిరి.

పాటను పిల్లలే కట్టిరి. బతుకమ్మ పాటల వరుసలో, చివర కోలుకోలు లేకుండ, మెల్లగా సాగు నాలుగు చరణములు. సూదిలో దారమెక్కించుటకు చూపు ఆనక తడుముకొనుచు, ఎలుగుబంటి బొమ్మకు కుట్టు వేయుచు నాయనమ్మ పాడును. బడిసంచి ఎంత బరువుండునో, దారిలో కుక్కలుండునో, వానలో పుస్తకములు తడియునో అని ఆమె చింత. నేను ఒక్క వర్ణమైనను దిద్దలేదు. ఆ పాత్రను ధరించిన బాలిక నాయనమ్మ ఆ యేడు వానకాలములోనే పోయినదని నాకు తరువాత తెలిసినది. తెలిసియుండినచో ఆమెకు ఆ పాత్ర ఇచ్చుటకు వెనుకాడెడివాడను. తానే అడిగి పుచ్చుకొన్నదని తోడి బాలికలు చెప్పిరి.

వార్షికోత్సవమునాడు చీకటి పడిన తరువాత మా నాటకము వంతు వచ్చినది. మొదటి రంగము బాగుగనే నడచెను. నాయనమ్మ పాట రెండవ చరణములో విద్యుత్తు పోయినది. మైకు మూగవోయెను. ఎవ్వరో రెండు సెల్లుఫోనుల వెలుగు రంగముపైకి త్రిప్పిరి. వెనుకనున్న తల్లులు వినబడుటకై నేలపైననే ముందుకు జరిగి కూర్చుండిరి. బాలిక పాట ఆపలేదు. తాత హార్మోనియముపై శ్రుతి మాత్రము పట్టియుండెను. మూడవ చరణము వద్ద ఆమెకు మాటలు తప్పిపోయినవి. పాడుట మానినది గాని కుట్టుట మానలేదు. సూది బొమ్మలో దిగుటయు, దారము పైకి వచ్చుటయు అందరును చూచుచుండిరి. ఎంతసేపు గడచెనో చెప్పలేను.

అప్పుడు బడిసంచితో రావలసిన బాలుడు చీకటిలో అడుగు తడబడి తెరప్రక్కననే ఆగిపోయెను. వచ్చుటయా మానుటయా యని వాడు నావైపు చూచెను. ముందు వరుసలోని ఒక ముసలమ్మ, మా విద్యార్థి యొకని నాయనమ్మయే, వానిని చూచి గట్టిగా అనెను: “పో బిడ్డా, జల్ది పో! ఆమె ఉండంగనే పో!”

వాడు పరుగెత్తెను. సంచి వీపున ఎగురుచుండెను. పుస్తకములో ఆ తరువాత నాయనమ్మకు ఒక మాట యున్నది. మా బాలిక ఆ మాట చెప్పలేదు. కుట్టుచున్న బొమ్మను ప్రక్కనుంచి, వాని సంచి పట్టెడను భుజముపై సరిచేసెను. తాత హార్మోనియపు తిత్తిని వదలివేసెను.

ఇంతకును మేము నెలనాళ్ళు శ్రమపడినది నీలిపిల్లి వేషము కొరకు. అట్టపెట్టెలు, నీలిరంగు, పొట్టపై సంచి, మెడలో గంట, అన్నియు కుదిరినవి. ఆ వేషము వేసిన బాలుడు, చీకటిలో తన మాటలు ఎవ్వరును వినలేదని, తనను ఎవ్వరును చూడను కూడ లేదని, రెండు దినములు నాతో మాట్లాడలేదు.